చిగురు కిందే ఆగిపోయిన పళ్ళు: సీసీడీ ఉన్న పిల్లల తల్లిదండ్రులకు

మీ బిడ్డకు పదేళ్ళు దాటినా పాలపళ్ళు గట్టిగా అలాగే ఉన్నాయా? ఎక్స్‌రే తీస్తే లోపల పళ్ళు గుంపుగా ఇరుక్కుని కనిపించాయా? చిన్నప్పుడు మాడు చాలాకాలం పూడలేదా? భుజాలు రెండూ ముందుకు తెచ్చి గడ్డం కింద దాదాపు ఆనించగలుగుతున్నారా? అయితే ఇది మీకోసమే రాస్తున్నాను. ఈ పరిస్థితి పేరు క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా. ఆస్పత్రుల్లో సీసీడీ అంటారు. నాకు ఉంది, నా నుంచి మా అమ్మాయికి వచ్చింది.

నేను డాక్టర్ని కాను. తెనాలిలో ఫొటో స్టూడియో నడుపుతాను. నా నోట్లో ఉన్నవి కట్టుడు పళ్ళు. మా అమ్మాయి నోట్లో ఉన్నవి దాని సొంత పళ్ళు. ఇద్దరిదీ ఒకటే జబ్బు. తేడా అంతా పళ్ళు ఏ వరసలో, ఎప్పుడు తీశారు, తీశాక ఏం చేశారు అన్న దగ్గరే వచ్చింది.

ముందు జబ్బు సంగతి నాలుగు మాటల్లో. మన ఒంట్లో ఎముక కట్టే కణాలు తయారవడానికి రన్ఎక్స్2 అనే జన్యువు కావాలి. అది 6వ క్రోమోజోము మీద ఉంటుంది. సీసీడీకి కారణం ఆ జన్యువులో మార్పేనని 1997లో తేలింది. అందుకే కాలర్ బోన్‌లు చిన్నగా ఉంటాయి లేదా అసలు ఉండవు, పుర్రె అతుకులు ఆలస్యంగా పూడతాయి. పది లక్షల మందిలో ఒకరికి ఉంటుందంటారు. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి కాన్పులో సగం అవకాశం. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా కూడా రావచ్చు. చుట్టాలు "మేనరికం వల్లే" అని మీ ఆవిడను ఆడిపోసుకుంటే ఊరుకోకండి, దీనికి మేనరికంతో పని లేదు. మా ఇంట్లో మేనరికం లేనే లేదు. అయినా ఆ మాట పడింది.

మేనరికంతో సంబంధం ఉన్నది వేరే జబ్బు. దాని గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పొరబడితే ప్రమాదం. పిక్నోడిసోస్టోసిస్ అని ఒకటుంది. అందులోనూ మాడు పూడదు, పాలపళ్ళు ఊడవు. కానీ పిల్లలు బాగా పొట్టిగా ఉంటారు, వేళ్ళ కొసలు కురచగా ఉంటాయి, ఎముకలు మామూలుకన్నా చిక్కగా ఉండి కూడా తేలిగ్గా విరుగుతాయి. ఆస్టియోపెట్రోసిస్‌లో కూడా ఎముక చిక్కగానే ఉంటుంది. ఈ రెండింటిలో పన్ను పీకిన చోట దవడ ఎముకకు చీము పట్టి నెలల తరబడి మానకపోవచ్చు. కాబట్టి నేను ఇక్కడ చెప్పేది ఆ పిల్లలకు వర్తించదు. ఎముకలు ఊరికే విరిగే ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టా ఉన్న పిల్లలకు పామిడ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి ఇంజెక్షన్లు ఇస్తుంటారు. అవి తీసుకున్న పిల్లల్లో పళ్ళు నెమ్మదిగా కదులుతాయి, క్లిప్పుల డాక్టర్‌కు ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి.

అందుకని మొదటి పని: పంటి డాక్టర్ కన్నా ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి. ఛాతీ ఎక్స్‌రే, పుర్రె ఎక్స్‌రే చూస్తే తెలిసిన డాక్టర్‌కు చాలావరకు అర్థమైపోతుంది. జన్యు పరీక్ష, దాని మీద సలహా కావాలంటే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. రిపోర్టు కాగితం లామినేట్ చేయించకండి, తర్వాత జిరాక్స్ సరిగ్గా రాదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి చాలు.

పాలపళ్ళు ఊరికే పీకించకండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. మామూలు పిల్లల్లో పాలపన్ను అడ్డంగా ఉంటే తీసేస్తారు, కింది పన్ను దానంతట అదే వస్తుంది. సీసీడీలో రాదు.

పన్ను బయటికి రావాలంటే దాని పైన ఉన్న ఎముక కరగాలి, పాలపంటి వేరు కరగాలి. మన పిల్లల్లో ఆ కరిగే పని చాలా నెమ్మదిగా సాగుతుంది. దానికి తోడు అదనపు పళ్ళు. ముందు పళ్ళ దగ్గర, చిన్న దవడపళ్ళ దగ్గర ఒకదాని మీద ఒకటి పుట్టుకొచ్చి అసలు పంటి దారికి అడ్డం పడుకుంటాయి. మా అమ్మాయికి కింది దవడలోనే ఐదు కనిపించాయి. ఇన్ని అడ్డాలున్నప్పుడు పాలపన్ను ఒక్కటే తీసి కూర్చుంటే ఉన్న పన్నూ పోతుంది, కొత్తదీ రాదు.

నా విషయంలో జరిగింది అదే. నా చిన్నతనంలో ఒక ఆస్పత్రిలో "పాలపళ్ళు అడ్డమున్నాయి" అని వరసగా తీసేశారు. పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మా వైపు ఆచారం. మా అమ్మ పాపం ఒక్కొక్కటీ శ్రద్ధగా విసిరింది. పైకి వచ్చింది మాత్రం ఏమీ లేదు. అసలు పళ్ళు అన్నీ ఎముకలో అలాగే ఉండిపోయాయి. పెళ్ళి సంబంధాలు చూసే వేళకు వాటి మీదే కట్టుడు పళ్ళు పెట్టించారు.

అయితే పుచ్చి చీము పట్టిన పాలపన్ను సంగతి వేరు, దాన్ని ఉంచకూడదు. అది పాడవకుండా చూసుకోవడమే మన పని. మన పిల్లలకు పాలపళ్ళు మిగతావాళ్ళ కన్నా చాలా ఏళ్ళు ఎక్కువ పనిచేయాలి. పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే పూరించండి.

ఎక్స్‌రే ఎలా చూడాలి

నాకు కాస్త చేతనైన పని ఇది, అందుకని ఇక్కడ వివరంగా చెప్తాను. మీకు తీయించమనేది ఓపీజీ. దవడలు రెండూ ఒకే పటంలో చెవి నుంచి చెవి దాకా వస్తాయి. పటం ఎడమవైపు ఉన్నది మీ బిడ్డ కుడివైపు. ఎదురుగా నిలబడి మనిషిని చూస్తున్నట్టే అనుకోవాలి.

డాక్టర్లు పళ్ళకు రెండంకెల నంబర్లు వేస్తారు. మొదటి అంకె దవడలో ఏ మూలో చెప్తుంది: పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. రెండో అంకె మధ్యలో నుంచి వెనక్కి లెక్క. అంటే 11, 21 పై ముందు పళ్ళు. 13 పై కుడి కోరపన్ను. 16, 26, 36, 46 ఆరేళ్ళ ప్రాయంలో వచ్చే పెద్ద దవడపళ్ళు. పాలపళ్ళకు ఇదే లెక్క 5, 6, 7, 8తో మొదలవుతుంది, 51 అంటే పై కుడి ముందు పాలపన్ను. ఈ నంబర్లు నేర్చుకోండి, ఒక పూట పని. చీటీలో "ఎక్స్‌ట్రాక్షన్ 51, 52, 61, 62" అని రాసి ఉంటే అవి పాలపళ్ళని మీకే తెలుస్తుంది. అక్కడ 11 అని కనిపిస్తే ఆగి, ఎందుకో అడగొచ్చు.

16, 26, 36, 46 సీసీడీ పిల్లల్లో చాలావరకు వాటంతట అవే వస్తాయి. ముందు అవి ఉన్నాయో లేదో చూసుకోండి. రేపు ఎముకలో ఇరుక్కున్న మిగతా పళ్ళను చిగురు బయటికి లాగి తెచ్చుకోవాల్సింది వాటి ఆసరాతోనే, కాబట్టి వాటిని పుచ్చనివ్వకూడదు.

తర్వాత చూడాల్సింది వేరు. ఎముకలో ఉన్న ప్రతి అసలు పంటికీ తల ఎంత పొడవుంది, వేరు ఎంత దిగింది అని చూడాలి. వేరు కనీసం సగమైనా, వీలైతే మూడింట రెండు వంతులు దిగాక ఆ పన్నును లాగడానికి సిద్ధమైనట్టు లెక్క. మన పిల్లల పళ్ళు వాళ్ళ వయసు కన్నా వెనకబడి ఉంటాయి. పదకొండేళ్ళ పిల్ల పళ్ళు ఎనిమిదేళ్ళ పిల్ల పళ్ళలా కనిపించడం మామూలే. అందుకే "పదేళ్ళు వచ్చాయి, మొదలుపెడదామా" అని అడగకండి. "వేరు ఎంత దిగింది డాక్టర్?" అని అడగండి. నేను ఈ ప్రశ్న వేసినప్పుడు మా డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "మీరు దగ్గరికి రండి, స్క్రీన్ మీద చూపిస్తాను" అన్నారు. అప్పటిదాకా మాతో వరండాలో నిలబెట్టే మాట్లాడేవారు.

అదనపు పళ్ళు అసలు పళ్ళ కన్నా కొన్నేళ్ళు ఆలస్యంగా మొదలవుతాయి. ఏడేళ్ళప్పుడు తీసిన ఓపీజీలో లేని పన్ను పదేళ్ళప్పుడు కనిపిస్తుంది. పాత ఫిల్మ్ చూసి ఆపరేషన్ ఖాయం చేయనివ్వకండి. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ ఆపరేషన్‌కు ముందు అవసరమవుతుంది, ఏ పన్ను ముందుంది, ఏది వెనకుంది అన్నది ఓపీజీలో తెలియదు గనుక. కానీ దానికి రేడియేషన్ ఎక్కువ, ప్రతిసారీ అక్కర్లేదు.

ఫిల్మ్‌తో పాటు ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఇంకో ఊరి డాక్టర్‌కు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫిల్మ్‌ను ఫొటో తీయాల్సి వస్తే కంప్యూటర్ స్క్రీన్ తెల్లగా పెట్టి దాని ముందు పట్టుకుని, గదిలో ట్యూబ్‌లైట్ ఆపి తీయండి. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని తీసిన ఎక్స్‌రేలు నా స్టూడియోకి ప్రింటుకు వస్తుంటాయి, వాటిలో పళ్ళ కన్నా లైటే ఎక్కువ కనిపిస్తుంది.

ఆపరేషన్ ఒకటా, రెండా, ఇంకా ఎక్కువా

అడ్డాలు తీసి, ఇరుక్కున్న అసలు పళ్ళను బయటికి తేవడానికి ప్రపంచంలో కొన్ని పద్ధతులున్నాయి, ఊళ్ళ పేర్లతోనే పిలుస్తారు. టొరంటో-మెల్‌బోర్న్ పద్ధతిలో అసలు పళ్ళ వేర్లు దిగేకొద్దీ పాలపళ్ళు, అదనపు పళ్ళు విడతలు విడతలుగా తీస్తారు. బెల్‌ఫాస్ట్-హాంబర్గ్ పద్ధతిలో పాలపళ్ళు, అదనపు పళ్ళు అన్నీ ఒకేసారి తీసి, అసలు పళ్ళ మీద చిగురు తెరిచి, మందుతో ప్యాక్ పెడతారు. జెరూసలేం పద్ధతి రెండు ఆపరేషన్లు. మొదటిది పది, పన్నెండేళ్ళ మధ్య: ముందు పాలపళ్ళు, అదనపు పళ్ళు అన్నీ తీసి, అసలు ముందు పళ్ళకు, తర్వాత వాటిని బయటికి లాగడానికి, అక్కడికక్కడే సన్నటి గొలుసు అతికించి చిగురు మళ్ళీ మూసి కుడతారు. రెండోది పదమూడు దాటాక: వెనక పాలపళ్ళు తీసి కోరపళ్ళకు, చిన్న దవడపళ్ళకు గొలుసులు వేస్తారు.

మాకు రెండాపరేషన్ల దారి చెప్పారు. నాకూ అదే నచ్చింది. ఒక్కసారే అన్నీ తీస్తే పిల్ల బోసి నోటితో బడికెళ్ళాలి. ఇందులో వెనక పళ్ళు నమలడానికి ఉంటాయి, ముందు పళ్ళు హైస్కూల్లో ఉండగానే కనిపిస్తాయి. డాక్టర్ వేరే దారి చెబితే వాదించకండి, "అసలు పళ్ళకు గొలుసు అదే ఆపరేషన్‌లో అతికిస్తారా?" అని మాత్రం అడగండి. సర్జన్ ఒకచోట, క్లిప్పుల డాక్టర్ ఇంకోచోట ఉంటే ఈ ఒక్క దగ్గర తేడా వస్తుంది. పళ్ళు తీసి కుట్లు వేసి పంపేస్తారు, క్లిప్పుల డాక్టర్ చూసేసరికి మళ్ళీ కోయాలంటారు. అందుకే ఇద్దరూ ఒకే భవనంలో ఉండే డెంటల్ కాలేజీ మేలు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలు కూడా చాలానే ఉన్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు మారిపోతుంటారు, కేసు మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. అందుకే ఫైలు మన దగ్గర ఉండాలి.

పూర్తి మత్తు ఇస్తారు. సీసీడీ పిల్లలకు అంగిలి ఇరుగ్గా, ఎత్తుగా ఉంటుంది, శ్వాస గొట్టం వేయడం కష్టం కావచ్చు. మత్తు డాక్టర్‌తో ముందు రోజే కలిసి మాట్లాడతామని అడగండి, జబ్బు పేరు కాగితం మీద రాసివ్వండి. చెవిలో చీము, సైనస్ తరచూ వచ్చే పిల్లలే ఎక్కువ, జలుబున్న రోజు ఆపరేషన్ వాయిదా పడుతుంది. వినికిడి పరీక్ష చేయించకపోతే అదీ ఇప్పుడే చేయించేయండి. నెత్తి మీద మెత్తటి చోటు ఇంకా ఉంటే నర్సులకు చూపించి చెప్పండి.

ఇంటికొచ్చాక మొదటి రోజు బయట నుంచి ఐస్ పెట్టడం, చల్లటి రాగి జావ, మజ్జిగ. స్ట్రాతో పీల్చనివ్వకండి, రక్తం గడ్డ ఊడుతుంది. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించడం. ముఖం బాగా వాస్తుంది, రెండు మూడు రోజులు పెరిగి తర్వాత తగ్గుతుంది, భయపడకండి. జ్వరం, ఆగని రక్తం, మింగలేకపోవడం ఉంటే మాత్రం ఫోన్ చేసి కూర్చోకండి, వెళ్ళిపోండి.

గొలుసు కాలం

అసలు చికిత్స ఇక్కడ మొదలవుతుంది, ఏళ్ళ తరబడి సాగుతుంది. చిగురులో నుంచి సన్నటి బంగారు పూత గొలుసు బయటికి వస్తుంది. మా అమ్మ అయితే "బంగారమే కదా, అయిపోయాక మనకే ఇస్తారా?" అని అడిగింది. ఆ గొలుసును ఎలాస్టిక్ దారంతో క్లిప్పుల తీగకు కట్టి, మూడు నాలుగు వారాలకోసారి బిగిస్తారు. లాగుడు చాలా తేలిగ్గా ఉండాలి. గట్టిగా లాగితే పన్ను తొందరగా రాదు, వేరు కొస కరిగిపోతుంది, లేదా ఆసరాగా పెట్టుకున్న పళ్ళే లోపలికి వంగుతాయి. దూడ తాడు లాగితే గుంజ ఊడొచ్చినట్టు. అందుకే పెద్ద దవడపళ్ళకు బ్యాండ్లు వేసి, అంగిలికి అడ్డంగా కమ్మీ పెట్టి గట్టి చేస్తారు, ఒక్కోసారి ఎముకలో చిన్న స్క్రూలు కూడా వేస్తారు. ఇవన్నీ బిల్లులో కనిపిస్తే అనవసరం అనుకోకండి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. నెలకోసారి నోటి ఫొటో తీయండి. పగటిపూట గుమ్మం దగ్గర, ఫ్లాష్ లేకుండా. రెండు స్టీలు చెంచాల కాడలతో బుగ్గలు పక్కకు లాగమనండి. ఎప్పుడూ అదే చోట, అదే దూరం. చిగురు బయట గొలుసు రింగులు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. రింగులు పెరుగుతున్నాయంటే పన్ను వస్తోంది. పక్క పళ్ళు వంగుతూ, రింగులు మాత్రం అలాగే ఉండిపోతే పన్ను ఎముకకు అతుక్కుందేమో చూడాలి, ఆ ఫొటోలు తీసుకెళ్ళి చూపించండి. బిగించాక కత్తిరించిన అదనపు రింగులు ఉంటే ఆ సంఖ్య కూడా రాసుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

గొలుసు మొత్తం ఊడి చేతికొస్తే లోపల అతుకు విడిపోయిందని అర్థం. పారేయకుండా డబ్బాలో వేసి ఆ వారంలోనే వెళ్ళండి. మళ్ళీ చిగురు తెరవాల్సి రావచ్చు. గొలుసు కొస బుగ్గకు గుచ్చుకుంటుంటే ఆర్థో మైనం (క్లిప్పుల మీద అద్దే మెత్తటి మైనం) కొంచెం అద్దండి, మీరే కత్తిరించొద్దు. బిగించిన రోజు నొప్పికి మాకు పారాసెటమాల్ చాలన్నారు. వేరే మాత్రలు సొంతంగా వేయకండి, కొన్ని నొప్పి మాత్రలు పంటి కదలికను కూడా నెమ్మది చేస్తాయి.

తిండి దగ్గర జంతికలు, చెకోడీలు, కమ్మర్కట్టు, చెరుకు ముక్క బంద్. సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు మెత్తగా చేస్తారు, జంతికలు మాత్రం పొడి చేసి పెరుగన్నంలో కలుపుకుని తింటుంది, దాని తెలివి అది. మామిడి టెంకె చీకడం కూడా వద్దు, పీచు గొలుసుకు చుట్టుకుంటుంది. ముక్కలు కోసి పెట్టండి. తోమడానికి మామూలు బ్రష్‌తో పాటు పళ్ళ సందుల్లో దూరే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి.

డబ్బు గురించి. మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో క్లిప్పుల ఖర్చు సాధారణంగా రాదు. ఆస్పత్రిలో చేర్చి చేసే ఆపరేషన్ భాగానికి మాత్రం, ఇది పుట్టుకతో వచ్చిన ఎముకల జబ్బు వల్ల అని డాక్టర్ స్పష్టంగా రాసిస్తే అడిగి చూడటంలో తప్పు లేదు. చేర్చక ముందే లిఖితపూర్వకంగా అడగండి. ప్రభుత్వ పథకం కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

బళ్ళో ఎగతాళి ఉంటుంది. మా అమ్మాయి క్లాస్ టీచర్‌కు నేనే ఓపీజీ తీసుకెళ్ళి చూపించాను. ఆవిడ సైన్స్ పీరియడ్‌లో పిల్లలందరికీ చూపిస్తానంది, మా అమ్మాయిని అడిగాకే ఒప్పుకున్నాను. అమెరికా నటుడు గేటెన్ మటరాజోకు ఇదే ఉంది, ఆయన దాని గురించి బాహాటంగా మాట్లాడతాడు. ఆయన వీడియోలు చూపిస్తే పెద్దల మాట కన్నా బాగా పనిచేసింది. పిల్లకు ఇష్టం లేకపోతే నవ్వుతూ ఫొటో దిగమని బలవంతపెట్టకండి. ఈ మాట ఫొటోగ్రాఫర్‌గా చెప్తున్నాను.

పళ్ళు వచ్చాక కూడా పై దవడ చిన్నగా ఉండి కింది పళ్ళు ముందుకు కనిపించవచ్చు. దానికి దవడ ఆపరేషన్ అంటే ఎదుగుదల ఆగాకే, పద్దెనిమిది దాటాక. అప్పటిదాకా ఎవరు తొందరపెట్టినా ఆగండి.

క్లిప్పులు తీశాక పళ్ళను ఉన్నచోటే పట్టి ఉంచే రిటైనర్ ఇస్తారు. లాగి తెచ్చిన పన్ను వెనక్కి జరగాలని చూస్తుంది కాబట్టి డాక్టర్ ఆపమనేదాకా రాత్రిళ్ళు పెట్టుకోవాల్సిందే, మన పిల్లలకు అది ఏళ్ళ మాట. ప్లాస్టిక్ రిటైనర్‌ను వేడినీళ్ళతో కడగకండి, వంకరపోతుంది. పెళ్ళి భోజనాల్లో టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టొద్దు, ఎంగిలాకుతో పాటు పోతుంది. జేబులో పట్టే డబ్బా ఒకటి కొని, మూత మీద ఫోన్ నంబర్ రాయండి.